ముఖం చూసి బొట్టు పెట్టని యంత్రం

చిల్లర వేస్తే సరుకిచ్చే పెట్టె లోపల ఏం జరుగుతుంది? అది కనుమరుగైతే మనకు పోయేదేమిటి?

అమెరికాకు చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలు మొదటి నెలలోనే నేర్చుకునే పొదుపు ఒకటుంది. డాలర్ల పొదుపు కాదు, క్వార్టర్ల పొదుపు. కొట్లో ఇచ్చిన చిల్లరలో పెన్నీలు, డైములు ఎటు పోయినా పట్టించుకోరు గానీ, 25 సెంట్ల బిళ్ల కనిపిస్తే మాత్రం జాగ్రత్తగా పక్కన పెడతారు. ఖాళీ అయిన ఆవకాయ సీసా దానికి హుండీ అవుతుంది. శనివారం పొద్దున అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో బట్టలు ఉతకాలంటే ఆ బిళ్లలే దిక్కు. జేబులో ఇరవై డాలర్ల నోటున్నా ఆ మిషన్ ముందు చెల్లదు.

ఆ మిషన్ మీద క్వార్టర్లు గుచ్చి లోపలికి నెట్టే ఉక్కు అరను మనలో చాలామంది వేలసార్లు నెట్టి ఉంటాం. అది ఎలా పనిచేస్తుందో ఆలోచించినవాళ్లు తక్కువ. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని 'ఇలా అయితే అలా చెయ్, లేకపోతే ఆగు' అని కోడ్ రాసే నాలాంటి వాళ్లకు ఆ అర ఒక ఆశ్చర్యం. ఎందుకంటే అదే పని అది బ్యాటరీ లేకుండా, చిప్ లేకుండా, ఒక్క లైను కోడ్ లేకుండా చేస్తుంది.

ఉక్కు వేళ్లతో లెక్క

ఆ అరలో క్వార్టర్లు నిలువుగా నిలబడటానికి వరసగా గాడులు ఉంటాయి. అరను నెట్టగానే ప్రతి గాడి మీదకూ లోపల నుంచి ఒక చిన్న ఉక్కు వేలు వస్తుంది. గాడిలో సరైన క్వార్టర్ ఉంటే, ఆ బిళ్ల అంచు వేలిని పైకెత్తి పట్టుకుంటుంది. అర సాఫీగా లోపలికి పోతుంది. గాడి ఖాళీగా ఉంటే వేలు అందులోకి దిగి అరను కట్టిపడేస్తుంది. క్వార్టర్ బదులు నికెల్ పెట్టారనుకోండి, నికెల్ వ్యాసం 21.21 మి.మీ., క్వార్టర్‌ది 24.26 మి.మీ. ఆ మూడు మిల్లీమీటర్ల తేడాతోనే వేలు కిందికి జారి పట్టేస్తుంది. అంతకంటే పెద్ద బిళ్ల పెడితే అది తల పైకెత్తి అంచుకు తగిలి ఆగిపోతుంది. తక్కువైనా ఒప్పుకోదు, ఎక్కువైనా ఒప్పుకోదు.

ఎనిమిది గాడుల్లో ఆరు తెరిచి ఉంచి, రెండు మూసేస్తే ధర డాలరున్నర. ఏడోది తెరిస్తే డాలరు డెబ్బై అయిదు. ధర మార్చడమంటే అంతే, మూసిన గాడిని తెరవడమే. అన్ని వేళ్లూ ఒకేసారి 'సరే' అంటేనే అర చివరిదాకా వెళ్లి లోపలి మీటను నొక్కుతుంది, మిషన్ తిరగడం మొదలవుతుంది. మేం కోడ్‌లో ఎనిమిది షరతుల్ని కలిపి రాసే చోట, అక్కడ ఎనిమిది ఉక్కు ముక్కలు పక్కపక్కన నిలబడి ఉంటాయి.

రెండు వేల ఏళ్ల కిందటి ఆలోచన

నాణెం వేస్తే సరుకిచ్చే పెట్టె అమెరికావాళ్లు కనిపెట్టింది కాదు. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో హీరో అనే గ్రీకు ఇంజినీరు ఉండేవాడు. 'న్యూమాటికా' అనే తన గ్రంథంలో ఆలయంలో పవిత్ర జలం ఇచ్చే ఒక పాత్రను వర్ణించాడు. పైనున్న చీలికలోంచి ఐదు డ్రాక్మాల నాణెం వేస్తే అది లోపల ఒక తూముమీట చివరనున్న చిన్న పళ్లెంలో పడుతుంది. నాణెం బరువుకు పళ్లెం కిందికి వంగుతుంది; మీట రెండో చివర పైకి లేచి నీళ్ల మూతను తెరుస్తుంది. పళ్లెం బాగా వంగాక నాణెం జారి కింద పడిపోతుంది. మీట మళ్లీ మొదటి స్థితికి వచ్చి మూత మూసుకుంటుంది. మన ఊళ్లో ఏతం ఎలా పైకీ కిందికీ ఊగుతుందో చూసినవాళ్లకు ఈ యంత్రం కొత్తగా అనిపించదు.

దీనిలో ఒక అందం ఉంది, ఒక లోపమూ ఉంది. నాణెం పళ్లెం మీద ఎంతసేపు నిలిస్తే అంత నీరు వస్తుంది కాబట్టి డబ్బు, సమయం, సరుకు మూడూ ఒకే కదలికలో ఇమిడిపోయాయి. అది అందం. చీలికలో పట్టే బరువైన లోహపు ముక్క ఏది వేసినా నీళ్లు వస్తాయి. అది లోపం. ఆ తర్వాతి ఇంజినీర్లు పడిన కష్టమంతా ఈ లోపం చుట్టూనే తిరిగింది. పడింది నిజమైన నాణెమా, ఉత్తుత్తి బిళ్లా?

17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండ్ సత్రాల్లో పొగాకు పెట్టెలు ఉండేవి. అర్ధ పెన్నీ వేస్తే మూత తెరుచుకునేది. లోపలున్న పొగాకంతా మీ ఎదుటే ఉంటుంది. మీకు కావలసినంత తీసుకుని మూత మూయడం మీ నిజాయతీ. అందుకే వాటికి 'హానర్ బాక్స్' అనే పేరు. యంత్రాన్ని కాపలా పెట్టి మనిషిని నమ్మడం కుదరలేదు కాబోలు, కాలక్రమంలో ఇంజినీర్లు ఒకసారికి ఒక్కటే వచ్చే ఏర్పాటు మీద పడ్డారు. 1883లో లండన్‌లో పెర్సివల్ ఎవరిట్ తయారుచేసిన పోస్టుకార్డుల యంత్రం రైల్వే స్టేషన్లలోకి వచ్చింది. 1888లో న్యూయార్క్ ఎలివేటెడ్ రైలు ప్లాట్‌ఫారాల మీద థామస్ ఆడమ్స్ కంపెనీ చూయింగ్ గమ్ యంత్రాలు వెలిశాయి. అక్కడి నుంచి ఇక వెనక్కి చూడలేదు.

గమ్‌బాల్ మిషన్: పిల్లలకు తొలి పాఠం

మాల్‌లో, క్షౌరశాల ముందు, రెస్టారెంట్ గుమ్మం దగ్గర గాజు బుర్రతో నిలబడే గమ్‌బాల్ మిషన్ ఉంటుంది కదా. మన పిల్లలు క్వార్టర్ కోసం చేయి పట్టుకుని లాగేది దానికోసమే. దీని గుట్టు అంతా ఆ పిడి వెనకున్న చక్రంలో ఉంది. చక్రంలో నాణెం ఆకారంలో ఒక పల్లం. పిడి తిప్పితే నాణెం కూడా చక్రంతో పాటు తిరుగుతుంది. దారిలో స్ప్రింగుతో బిగించిన ఒక ఉక్కు నాలుక ఉంటుంది. నాణెం ఉంటే దాని మీదుగా నాలుక జారిపోతుంది. నాణెం లేకపోతే నాలుక పల్లంలో దిగి పిడిని అక్కడే ఆపేస్తుంది.

ఇంకో ఏర్పాటు కూడా ఉంది. సగం తిప్పి, 'అబ్బే, వద్దులే' అని వెనక్కి తిప్పుదామంటే కుదరదు. చక్రం అంచున రంపపు పళ్లలాంటివి ఉంటాయి. టిక్, టిక్ అని చప్పుడు చేసేవి అవే. ముందుకు పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. అదే కదలికతో పైనున్న మరో చక్రం ఒక్క గది మేర తిరిగి, ఒక్క గోళీని మాత్రం గొట్టంలోకి వదులుతుంది. డబ్బు తీసుకోవడం, సరుకు ఇవ్వడం రెండూ ఒకే పిడికి కట్టేశారు. ఒకటి జరిగి రెండోది జరగకపోవడం దాదాపు అసాధ్యం. బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'జరిగితే రెండూ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు' అన్న నియమం కోసం మేం పేజీలకు పేజీలు రాస్తాం. ఇక్కడ ఒక ఇరుసు ఆ పని చేసిపెడుతుంది.

నాణేనికి అగ్నిపరీక్ష

సోడా, సిగరెట్లు, చాక్లెట్లు అమ్మే పెద్ద యంత్రాలు వచ్చాక మోసాలూ పెద్దవయ్యాయి. ఇనప వాషర్లు, సీసం బిళ్లలు, రాగి ముక్కలు. అప్పుడు పుట్టిందే నాణేల పరీక్ష పెట్టె. కరెంటు లేకుండానే, నాణెం చీలికలో పడి డబ్బాలో చేరేలోపు, రెండు మూడు సెకన్లలో దానికి ఇన్ని పరీక్షలు జరుగుతాయి.

మొదటిది చీలిక. లావైనది, వెడల్పైనది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. రెండోది ఊయల. నాణెం ఒక చిన్న తూగే ఊయలలో పడుతుంది. వ్యాసం తక్కువైతే ఊయల చేతుల మధ్య నుంచి జారి వాపసు గొట్టంలో పడుతుంది. బరువు తక్కువైతే ఊయల వంగదు. సరైన వ్యాసం, సరైన బరువు ఉంటేనే ఊయల వంగి నాణేన్ని ముందుకు దొర్లిస్తుంది. మధ్యలో చిల్లున్న వాషర్ అయితే దాన్ని పట్టుకోవడానికి ఒక కొక్కెం కొన్ని యంత్రాల్లో కాచుకుని ఉంటుంది.

మూడోది అయస్కాంతం. ఇనుము అయితే అక్కడే అతుక్కుపోతుంది. నాణేలు వాపసు ఇచ్చే మీట నొక్కినప్పుడు ఒక రేకు వచ్చి దాన్ని తుడిచి బయటికి తోసేస్తుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోవు గదా, వాటి సంగతేమిటి? అక్కడే ఉంది చమత్కారం. లోహపు బిళ్ల అయస్కాంతం పక్కనుంచి కదిలితే దానిలో ఎడ్డీ కరెంట్లు పుడతాయి. మన ఇంట్లో ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె వేడెక్కేది కూడా వీటి వల్లనే. ఈ కరెంట్లు నాణెం వేగాన్ని కనిపించని బ్రేకులా తగ్గిస్తాయి. విద్యుత్తు బాగా ప్రవహించే రాగి బిళ్ల బాగా నెమ్మదిస్తుంది. రాగి, నికెల్ కలిసిన మిశ్రమం అంతగా నెమ్మదించదు. కాబట్టి వాలు చివరి నుంచి ఒక్కో లోహం ఒక్కో వేగంతో ఎగిరి దూకుతుంది. సరైన వేగంతో దూకినదే సరైన సందులో పడుతుంది. మెల్లగా వచ్చినది ముందే పడిపోతుంది, దూకుడుగా వచ్చినది దాటిపోతుంది.

నాలుగోది ఎగురు పరీక్ష. నాణెం ఒక ఉక్కు దిమ్మె మీద పడి ఎగరాలి. మెత్తటి సీసం ఎగరదు, చతికిలబడుతుంది. మన తాతల కాలంలో షావుకారు వెండి రూపాయిని రాతి మీద వేసి, 'టంగు'మని మోగితేనే గల్లాలో వేసుకునేవాడు. చెవితో ఆయన చేసిన పనే ఈ దిమ్మె ఎగురుడుతో చేస్తుంది. కంసాలి గీటురాయి, షావుకారి చెవి, వర్తకుడి త్రాసు మూడూ అరచేతి మందం ఉన్న ఒక రేకు పెట్టెలో ఇమిడిపోయాయన్నమాట.

ఇంత పరీక్షలోనూ నాకు అన్నిటికంటే నచ్చేది దాని మర్యాద. అనుమానం వస్తే అది నాణేన్ని వాపసు ఇచ్చేస్తుంది. జప్తు చేయదు, జరిమానా వేయదు, వేసినవాడి పేరు రాసుకోదు. ఇంకో నాణెం వేసి మళ్లీ ప్రయత్నించవచ్చు. అది పరీక్షించేది డబ్బునే గానీ మనిషిని కాదు. మన పెద్దలు 'ముఖం చూసి బొట్టు పెట్టడం' అంటారు చూశారా, ఆ అలవాటు దానికి లేదు.

యంత్రం కోసం మారిన నాణేలు

మొదట నాణేలకు తగ్గట్టు యంత్రాలు చేశారు. తర్వాత యంత్రాలకు తగ్గట్టు నాణేలు చేయాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కొరత వచ్చి 1943లో అమెరికా ఒక్క సెంటు నాణేన్ని జింకు పూసిన ఉక్కుతో ముద్రించింది. అయస్కాంతం ఉన్న యంత్రాలు అసలు నాణేన్నే దొంగ బిళ్ల అనుకున్నాయి. ఆ ప్రయోగం ఏడాదితో ముగిసింది.

1965లో డైము, క్వార్టర్లలో వెండి తీసేయాల్సి వచ్చినప్పుడు దేశమంతా ఉన్న యంత్రాలు పెద్ద ప్రశ్నగా మారాయి. కొత్త నాణెం అవి ఒప్పుకునేలా ఉండాలి. వెండిలో విద్యుత్తు చాలా బాగా ప్రవహిస్తుంది. దానికి దగ్గరగా ఉండాలంటే లోపల రాగి కావాలి. పైన తెల్లగా, గట్టిగా ఉండటానికి రాగి, నికెల్ మిశ్రమం కావాలి. అందుకే ఈ శాండ్‌విచ్. నమ్మకం కలగకపోతే ఇప్పుడే ఒక క్వార్టర్ తీసి అంచు చూడండి. రెండు తెల్లని పొరల మధ్య ఎర్రటి గీత కనిపిస్తుంది. 2000లో వచ్చిన బంగారు రంగు డాలరు నాణెం విషయంలోనూ ఇదే కథ. అంతకు ముందున్న సుసాన్ బి. ఆంథోనీ డాలరుకూ దీనికీ రంగు వేరైనా, యంత్రంలోని అయస్కాంతానికి తేడా తెలియకుండా లోహం ఎంచుకున్నారు.

బ్రిటన్‌లోని మనవాళ్ల జేబుల్లో ఉండే 50 పెన్నీల నాణేనికి ఏడు వైపులు. 1969లో వచ్చింది. గుండ్రంగా లేని నాణెం యంత్రంలో ఎలా దొర్లుతుంది? దాని అంచులు తిన్నని గీతలు కావు, కొద్దిగా వంచిన విల్లులు. అందువల్ల ఏ దిక్కు నుంచి కొలిచినా వెడల్పు ఒక్కటే, 27.3 మి.మీ. చూపుకు ఏడు మూలలు, యంత్రానికి మాత్రం గుండ్రం. 2012లో అక్కడే 5, 10 పెన్నీల నాణేలు నికెల్ పూసిన ఉక్కుకు మారి కాస్త మందమయ్యాయి. యంత్రాలన్నిటినీ మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది.

ఒక్కోసారి వేరే దేశం నాణేలు కవలల్లా తేలతాయి. జపాన్ 500 యెన్, దక్షిణ కొరియా 500 వాన్ నాణేలు రెండూ 26.5 మి.మీ. వ్యాసం, ఒకే రకం లోహం. బరువులోనే తేడా. యెన్ 7.2 గ్రాములు, వాన్ 7.7 గ్రాములు. విలువలో మాత్రం వాన్ పదో వంతు. 1990లలో మోసగాళ్లు వాన్ నాణేన్ని కొద్దిగా తొలిచి ఆ అర గ్రాము తగ్గించి జపాన్ యంత్రాల్లో వేశారు. చివరికి 2000లో జపాన్ తన నాణెం లోహాన్నే మార్చుకుంది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఇలాంటిదే ఇంకోటి గుర్తుండే ఉంటుంది. ఫిలిప్పీన్స్ ఒక పెసో నాణెం, ఎమిరేట్స్ ఒక దిర్హామ్ నాణెం ఒకే కొలతన్న సంగతి 2006లో పత్రికలకెక్కింది. పెసో విలువ దిర్హామ్‌లో పదో వంతు కూడా లేదు.

మన స్టేషన్లలో

మన దగ్గర ఇలాంటి యంత్రం అనగానే విజయవాడ, సికింద్రాబాద్ లాంటి స్టేషన్లలో బరువు తూచే మిషనే గుర్తొస్తుంది. ఎక్కి నిలబడగానే రంగురంగుల దీపాలు, గిర్రున తిరిగే చక్రం. చక్రం ఆగేదాకా కదలకుండా ఉండి రూపాయి వేస్తే టక్కుమని అట్టముక్క పడేది. ఒక వైపు బరువు, రెండో వైపు జాతకం. బరువు కంటే జాతకం కోసమే ఎక్కినవాళ్లు ఎక్కువ. ఆ తర్వాత పాన్ డబ్బాల ముందు కాయిన్ బాక్స్ ఫోన్లు వచ్చాయి. నిమిషం అయ్యేసరికి బీప్ మని హెచ్చరిస్తే, మాట మధ్యలో జేబు తడుముకుంటూ ఇంకో రూపాయి వేసిన తరం మాది.

అక్కడ ఇంకో విశేషం ఉంది. 1992 నుంచి మన రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలుది. అయస్కాంతానికి అతుక్కునే రకం. అమెరికా యంత్రంలో అయస్కాంతానికి అంటుకున్నదల్లా దొంగ బిళ్ల. మన దేశంలో ఆ సూత్రం పెడితే అసలు రూపాయే దొంగ అవుతుంది. పాత రాగి, నికెల్ మిశ్రమం రూపాయి 6 గ్రాములు, 26 మి.మీ.; కొత్తది 4.85 గ్రాములు, 25 మి.మీ. 2011 తర్వాతిది ఇంకా చిన్నది. ఒకే రూపాయికి ఇన్ని రూపాలుంటే ఉక్కు వేళ్లతో లెక్క చూసే యంత్రం బతకడం కష్టమే.

ధర మార్చలేని కోక్, పలకరించని హోటల్

యంత్రానికి కట్టుబడితే వ్యాపారానికి ఎంత చిక్కో కోకాకోలా చెబుతుంది. 1886లో మొదలైనప్పుడు గ్లాసు 5 సెంట్లు. డెబ్బై ఏళ్ల దాకా ధర దాదాపు అక్కడే ఉంది. దానికున్న కారణాల్లో ఒకటి యంత్రం. ఒక్క నికెల్ మాత్రమే తీసుకునేలా తయారైన యంత్రాలు అవి. ఆరు సెంట్లు చేయాలంటే రెండు రకాల నాణేలు కావాలి. ఒకే నాణెంతో సరిపెట్టాలంటే నికెల్ తర్వాత డైమే, అంటే ధర ఏకంగా రెట్టింపు. 1953లో ఆ కంపెనీ అధినేత రాబర్ట్ వుడ్రఫ్ తన మిత్రుడైన అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌ను ఏడున్నర సెంట్ల నాణెం ముద్రించమని అడిగాడు. ఆ కోరిక తీరలేదు.

అదే నికెల్ ఇంకోచోట ఎందరి కడుపో నింపింది. 1902లో ఫిలడెల్ఫియాలో, 1912లో న్యూయార్క్‌లో హార్న్ అండ్ హార్డార్ట్ కంపెనీ 'ఆటోమాట్' హోటళ్లు తెరిచింది. గోడ నిండా చిన్న చిన్న గాజు తలుపుల గూళ్లు. నాణెం వేసి పిడి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, లోపల పై ముక్కో, వేడి కూరో. అవతల వంటవాళ్లు ఖాళీ గూడును మళ్లీ నింపుతారు. కొత్తగా ఓడ దిగి ఇంగ్లిష్ రానివాడికి కూడా ఇబ్బంది లేదు. మెనూ చదవక్కర్లేదు, సర్వరును పిలవక్కర్లేదు, టిప్పు ఇవ్వక్కర్లేదు. చూసి, నాణెం వేసి తీసుకోవడమే. గుమాస్తా, కూలీ, నటుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవారు. 1991లో న్యూయార్క్‌లో చివరి ఆటోమాట్ మూతపడింది.

ఇప్పుడు యంత్రం మన వైపు చూస్తోంది

ఈ కథంతా చెప్పింది పాత సామాను మీద మమకారంతో కాదు. కార్డు, ఫోన్ రావడం వల్ల సుఖాలున్నాయి. క్వార్టర్ల వేట తప్పింది. యంత్రం యజమానికి డబ్బా పగలగొట్టే దొంగల భయం తగ్గింది, ధర మార్చడం తేలికైంది. చిప్స్ పొట్లం స్ప్రింగు కొసన ఇరుక్కుంటే కింద ఉన్న కాంతి తెర గమనించి ఇంకోసారి తిప్పుతుంది లేదా డబ్బు వాపసు ఇస్తుంది. (ఇరుక్కున్న పొట్లం కోసం మిషన్‌ను ఊపవద్దని మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పండి. నిండుగా ఉన్న యంత్రం వందల కిలోల బరువు; మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు ఇక్కడ ఉన్నాయి.)

కానీ మార్పులో ఒకటి జారిపోయింది. పాత యంత్రం అడిగిన ప్రశ్న, 'ఈ నాణెం మంచిదేనా?' కొత్త యంత్రం అడిగే ప్రశ్న, 'నువ్వెవరు?' నీ కార్డు ఏ బ్యాంకుది, నీ ఫోన్ నంబరేది, యాప్ దించుకున్నావా, ఖాతా తెరిచావా? 2024 ఫిబ్రవరిలో కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీలో ఒక చాక్లెట్ల యంత్రం తెర మీద లోపం సందేశం వచ్చింది. అందులో ముఖాన్ని గుర్తించే ప్రోగ్రాం పేరు కనిపించేసరికి విద్యార్థులు ఉలిక్కిపడ్డారు. ఎవరి వివరాలూ దాచడం లేదని, ఎదురుగా మనిషి ఉన్నాడో లేదో తెలుసుకోవడానికేనని తయారీదారులు చెప్పారు. యూనివర్సిటీ ఆ యంత్రాలను తీసేయమంది. ముఖం చూడని యంత్రం చివరికి ముఖం వెతికే స్థితికి వచ్చింది.

దీని దెబ్బ ముందుగా తగిలేది మన ఇళ్లలో ఇద్దరికి. ఒకరు, ఇంకా సోషల్ సెక్యూరిటీ నంబరు రాని, బ్యాంకు ఖాతా తెరవని, నిన్నగాక మొన్న దిగిన విద్యార్థి. రెండోవారు, ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు. మేముండే కాంప్లెక్స్‌లో పోయిన ఏడాది లాండ్రీ యంత్రాల నాణేల అరలన్నీ పీకేసి యాప్ పెట్టారు. మేం ఆఫీసుకు వెళ్లాక తన పంచెలు, చీరలు తనే ఉతుక్కునే మా అమ్మకు ఆ గది మూసుకుపోయినట్టయింది. యాప్‌కు ఇక్కడి ఫోన్ నంబరు కావాలి, ఇక్కడి కార్డు కావాలి. "నా దగ్గర డబ్బులున్నాయి కదరా, డబ్బు తీసుకోనంటుందేంటి?" అని ఆమె అడిగిన ప్రశ్నకు నా ఇరవై ఏళ్ల అనుభవంలో జవాబు దొరకలేదు. మా బ్లాకులో పెద్దవాళ్లున్న కుటుంబాలు, తెలుగువారే కాదు, చైనా, మెక్సికో వాళ్లూ కలిసి ఆఫీసుకు ఒక ఉత్తరం రాశాం. రెండు నెలలకు ఒక గదిలో ఒక జత మిషన్లకు నాణేల అరలు తిరిగి బిగించారు. ఇప్పుడు పగటి పూట ఆ గదిలో నాలుగు భాషల్లో కబుర్లు వినిపిస్తున్నాయి.

ఇది మా ఒక్క కాంప్లెక్స్ గొడవ కాదు. నగదు తీసుకోవాలని ప్రైవేటు వ్యాపారులను నిర్బంధించే ఫెడరల్ చట్టం అమెరికాలో లేదు. మసాచుసెట్స్‌లో 1978 నుంచే దుకాణాలకు అలాంటి చట్టం ఉంది. హార్న్ అండ్ హార్డార్ట్ తొలి ఆటోమాట్ తెరిచిన ఫిలడెల్ఫియా 2019లో, అదే ఏడాది న్యూజెర్సీ రాష్ట్రం, 2020లో న్యూయార్క్ నగరం ఆ దారి పట్టాయి. ఇవి ప్రధానంగా దుకాణాల కోసం చేసిన చట్టాలు. లాండ్రీ గదిలో అయితే అడగాల్సింది అద్దె కట్టే మనమే. లీజు పునరుద్ధరించేటప్పుడు ఒక్క మాట అడగండి: 'కార్డు, ఫోన్ లేనివాళ్లకు మీ దగ్గర ఏం ఏర్పాటు ఉంది?' కొన్నిచోట్ల నగదు వేసి నింపుకునే లాండ్రీ కార్డు ఇస్తారు. అడిగితేనే తెలుస్తుంది.

నాలాగే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మిత్రులకు ఇంకో మాట. ఈ యాప్‌లు, ఈ కార్డు రీడర్ల వెనకున్న కోడ్ రాసేవాళ్లలో మనవాళ్లు బోలెడుమంది. డిజైన్ సమావేశంలో లాగిన్ పేజీ గురించి చర్చ మొదలైనప్పుడు, 'ఈ పనికి మనిషెవరో తెలియాల్సిన అవసరం నిజంగా ఉందా?' అని ఒక్కరైనా అడగవచ్చు. బట్టలు ఉతకడానికి, సోడా తాగడానికి పుట్టిన తేదీ అక్కర్లేదు. ఆ ప్రశ్న లేకుండానే రెండు వేల ఏళ్లు యంత్రాలు సరుకిచ్చాయి.

ఇక పిల్లల సంగతి. ఫోన్ విప్పి చూపిస్తే లోపల నల్లటి చిప్పులు తప్ప ఏమీ కనిపించవు. బొమ్మ గమ్‌బాల్ మిషన్ ఒకటి కొని, నాలుగు స్క్రూలు విప్పి, నాణెంతోనూ నాణెం లేకుండానూ పిడి తిప్పి చూపించండి. నాలుక ఎప్పుడు దిగుతోందో, ఎప్పుడు జారుతోందో పదేళ్ల పిల్లలు తమంతట తామే చెప్పేస్తారు. బే ఏరియాలో ఉన్నవాళ్లకైతే ఇంకా మంచి అవకాశం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర 'మ్యూజీ మెకానిక్' అనే మ్యూజియం నిండా నాణేలతో నడిచే పాతకాలపు యంత్రాలే, అవీ పనిచేస్తున్నవి. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. క్వార్టర్లు మాత్రం గుప్పెడు పట్టుకెళ్లండి.